మా మేడ మీది గదీ, పొట్టంగి బల్లీ

మా ఆయన రిటైరైన మరుసటి ఏడాది, అంటే 2015లో, మేడ మీది గదికి టులెట్ బోర్డు కట్టాం. ఒడిశా కొరాపుట్ జిల్లా సిమిలిగుడలో అద్దెకు వచ్చేదెవరు? బ్యాంకువాళ్లు, టీచర్లు, మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌లు. వాళ్లలో ఎవరో ఒకరు వస్తారనుకుంటే బరంపురం నుంచి ఒక అమ్మాయి దిగింది. సూట్‌కేసు ఒకటే. దాంతోపాటు కిటికీ రెక్కల్లాంటి రెండు చెక్క చట్రాలు, వాటిని బిగించడానికి బెల్టులు. అడ్వాన్సు మాట ఎత్తకముందే అడిగింది: "పిన్నిగారూ, పాత పేపర్లు కిలోల లెక్కన అమ్మేస్తారు కదా, ఆ రేటేదో నేనిస్తాను, నాకుంచండి."

అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ గదిలో బ్యాంకువాడు ఒక్కడూ దిగలేదు. ఒకరు ఖాళీ చేస్తూ ఇంకొకరికి చెప్పడం, వాళ్లు మరొకరికి చెప్పడం. కొరాపుట్ కొండల మీద రీసెర్చి చేసే పిల్లలకు మా ఇల్లు మకామైపోయింది. పేర్లు నాకు గుర్తుండవు. మొక్కలమ్మాయి, వరి అబ్బాయి, బల్లి బాబులు. మేం పిలుచుకునే పేర్లివి. వాళ్లకీ తెలుసు, ఏమీ అనుకోరు.

నా సంగతి చెప్పాలంటే, పుట్టింది సాలూరులో. 1986లో పెళ్లయి ఘాట్ ఎక్కాను. ఆయనది సునాబెడలో విమానం ఇంజన్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం. సుంకి ఘాట్ మలుపుల్లో కడుపులో తిప్పి మూడుసార్లు బస్సాపించాను. కండక్టరు మా అత్తగారితో ఒడియాలో ఏదో అన్నాడు. అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే మంచిదైందని తరవాత తెలిసింది. అంటే ఈ కొండల మధ్య నాకు ముప్పయ్యెనిమిదేళ్లు దాటాయి. బల్లి బాబులతో పోయేదాకా మా దగ్గరి పెద్ద కొండ దేవమాలి ఎక్కింది నాలుగుసార్లు, నాలుగుసార్లూ పిక్నిక్‌కే. పులిహోర తినడం, ఫొటోలు దిగడం, చలేస్తోందని దిగిపోవడం.

మొక్కలమ్మాయి పని నాకు మొదట్లో నవ్వొచ్చేది. పొద్దున్నే పోతుంది, సాయంత్రం సంచెడు ఆకులూ కొమ్మలూ మోసుకొస్తుంది. ఒక్కో కొమ్మనీ పేపరు మధ్య పరిచి, ఒక ఆకు బోర్లా, ఒక ఆకు వెల్లకిలా వచ్చేలా సర్ది, దాని మీద ఇంకో పేపరు, అలా దొంతరగా పేర్చి చట్రాల మధ్య పెట్టి బెల్టులు బిగిస్తుంది. మరునాడు తడిసిన పేపర్లు తీసి పొడివి వెయ్యాలి. మళ్లీ మరునాడు. ఎండాకాలం అయితే పరవాలేదు. మా దగ్గర వానలు పట్టాయంటే గోడకు తగిలించిన బట్టలకే బూజు పడుతుంది, ఆకులెక్కడ ఆరతాయి? చివరికి ఆ చట్రాలు మా వంటింట్లో పొయ్యి గట్టు పక్కకొచ్చాయి. విశాఖ నుంచి వచ్చే తెలుగు పేపర్ల ఆదివారం పేజీల మధ్య దేవమాలి పూలు ఎండేవి. వంటల శీర్షిక మీద ఆర్కిడ్. రాశిఫలాల మీద ఫెర్న్.

నాకు నచ్చింది మొక్కలు కాదు, చీటీలు. ఎండిన కొమ్మను దళసరి అట్ట మీద అతికించాక కింద కుడివైపు మూలన ఒక చీటీ ఉంటుంది. నంబరు, తేదీ, ఊరు, ఎంత ఎత్తులో దొరికింది, ఎవరు కోశారు, పువ్వు ఏ రంగు. "రంగు కనిపిస్తూనే ఉంది కదే" అన్నాను. "ఇప్పుడు కనిపిస్తోంది పిన్నిగారూ, ఎండితే అన్నీ గోధుమ రంగే. పూసినప్పటి రంగు ఇవాళ రాయకపోతే ఇంకెవరికీ తెలీదు" అంది. ఊరి పేరు దగ్గర ఆ పిల్ల పట్టుదల చూడాలి. కొండకు ఈ పక్క ఊరివాళ్లు ఒక పేరంటారు, ఆ పక్క వాళ్లు ఇంకోటంటారు, సర్కారు మ్యాపులో మూడోది ఉంటుంది. మూడూ రాసేది.

మా ఇంట్లో పనిచేసే సోంబారిని కూర్చోబెట్టి ఒక్కో కొమ్మా చూపించి పేరడిగేది. సోంబారి పరజా తెగ మనిషి, దేవమాలి కింది ఊరు. చాలావాటికి పేరు చెప్పేది, ఏది జ్వరానికి, ఏది చేపలకు మత్తెక్కించడానికి, ఏది మేకలు ముట్టవో కూడా. కొన్నిటికి మాత్రం పెదవి విరిచేది. "ఇది ఉట్టి గడ్డి మా. పశువు తినదు, మనిషి తినడు, దీనికి పేరెందుకు?" మొక్కలమ్మాయి ఆ మాట కూడా నోటుబుక్కులో రాసుకుంది.

ఆ అమ్మాయి బల్ల మీద రెండు రాష్ట్రాల మొక్కల పుస్తకాలుండేవి. ఎందుకంటే 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ జయపురం జమీనంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా. గాంబుల్ అనే అడవుల శాఖ దొర 1915లో మొదలుపెట్టిన మద్రాసు మొక్కల గ్రంథం, ఆయన పోయాక ఫిషర్ అనే ఇంకొకాయన పూర్తి చేసేసరికి సరిగ్గా 1936 అయింది. అంటే పుస్తకం అచ్చయ్యేసరికి మేం ఆ రాష్ట్రంలో లేం. ఒడిశా మొక్కల పుస్తకం నాలుగు సంపుటాలుగా వచ్చింది 1990లలో. మనుషులకైతే రేషన్ కార్డు మారుతుంది. మొక్క ఉన్నచోటే ఉంది గాని దాని అడ్రసు రెండు పుస్తకాల్లో వెతకాలి. (రెండు రాష్ట్రాలూ మావేననే కొటియా ఊళ్ల సంగతి ఎత్తితే ఈ పోస్టు ఇవాళ ముగియదు. అక్కడ మనుషులకే రెండు రాష్ట్రాల కార్డులున్నాయి.)

వరి అబ్బాయి ఎక్కువ రోజులుండలేదు. ఉన్నన్నాళ్లూ కాగితం కవర్లలో గుప్పెడు గుప్పెడు ధాన్యం. కటక్‌లోని వరి పరిశోధన సంస్థవాళ్లు 1950లలో ఈ జయపురం ప్రాంతమంతా తిరిగి 1,700కు పైగా నాటు వరి నమూనాలు సేకరించారట. ఇప్పుడు వాటిలో ఏవి ఇంకా పొలంలో ఉన్నాయో చూడటం ఇతని పని. అన్ని రకాలు ఎలా పుట్టాయని అడిగితే మా వీధి చివర కనిపించే కొండవాలే చూపించాడు. పైన మెట్ట, మధ్యలో వాన పడితేనే తడిసే మడి, అడుగున గెడ్డ పక్క ఏడాదంతా నీళ్లుండే మడి. ఒక్క వాలులోనే మూడు రకాల నేల, ఒక్కోదానికి ఒక్కో విత్తనం, ఒక్కో ఊరి ఆడవాళ్లు ఒక్కోలా ఎంచి దాచిపెట్టారు. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కొరాపుట్ సేద్యాన్ని ప్రపంచ వారసత్వ సేద్యాల్లో చేర్చిందీ అందుకే. వెళ్తూ వెళ్తూ కిలో కాలాజీర బియ్యం ఇచ్చాడు. వండుతుంటే వాసనకు పక్కింటివాళ్లు తొంగిచూశారు. దానికి 2024లో జీఐ ట్యాగ్ వచ్చింది, వచ్చాక రేటూ పెరిగింది.

ఇక బల్లి బాబులు. 2023లో దిగారు. ఒకడు పార్వతీపురం వైపు కుర్రాడు, మన యాసే. రెండోవాడు బెంగాలీ. "ఏం చదువుతారు నాయనా" అంటే పార్వతీపురం అబ్బాయి కొంచెం నసిగి, "బల్లులు పిన్నీ" అన్నాడు.

నాకు బల్లంటే చచ్చేంత భయం. పంచాంగంలో బల్లి ఎక్కడ పడితే ఏ ఫలమో ఉన్న పేజీ నాకు కంఠతా వచ్చు. కంచి వెళ్లినప్పుడు లైన్లో గంటసేపు నిలబడి బంగారు బల్లిని ముట్టుకొచ్చింది అందుకే. అలాంటిది అద్దె కోసం బల్లుల వాళ్లకు గదివ్వడమా అని ఆ రాత్రి ఆయనతో అన్నాను. గోడ మీద బల్లి "చుక్ చుక్" మంది. "సత్యం" అని ఆయన వేళ్లతో మంచం కోడు మీద కొట్టారు. అలా ఖాయమైంది.

వాళ్లు వెతికే బల్లి కథ విన్నాక మాత్రం నా భయం సగం పోయింది. బెడ్డోమ్ అని ఒక దొర. సైన్యంలో చేరి, అక్కడినుంచి మద్రాసు అడవుల శాఖకు మారి, దానికే పెద్దయ్యాడు. 1870లలో ఈ కొండల్లో ఒక కొత్త బల్లిని పట్టి, దానికి మా జయపురం పేరే పెట్టాడు, జెయపోరెన్సిస్ అని. ఆ ఒక్క బల్లీ సీసాలో పడి లండన్ మ్యూజియానికి పోయింది. తరవాత 130 ఏళ్లకు పైగా మళ్లీ ఎవరికీ కనపడలేదు. అంతరించిపోయిందేమో అన్నారు కూడా. ఈశాన్ అగర్వాల్, ఆయన జట్టువాళ్లు వెతికి పట్టుకుని, 2012లో ఆ సంగతి అచ్చువేశారు. దొరికింది రెండు చోట్ల: ఒకటి అరకు వైపు గాలికొండ, రెండోది మా దేవమాలి.

"మరి అన్నేళ్లు ఎందుకు దొరకలేదు?" అన్నాను.

ఆ అబ్బాయి ఫోన్‌లో దొర రాసిన ముక్క చూపించాడు. దొరికిన చోటు: పటింఘే కొండ, జయపురం, 4,200 అడుగులు. "ఇదెక్కడ పిన్నీ?"

నేను పైకి రెండుసార్లు చదివాను. పటింఘే. పటింగె. నాకు నవ్వొచ్చింది. "ఒరే, మన పొట్టంగిరా!" సాలూరు బస్సు రోజూ ఆగే ఊరు. దేవమాలి ఆ పొట్టంగి కొండల వరసలోదే. ఎవరో పరజా ఆయనో, బంట్రోతో పొట్టంగి అని ఉంటాడు, దొర చెవికి పటింఘే అని పడి ఉంటుంది. ఇది నా ఊహే. పార్వతీపురం అబ్బాయి "మాకూ అదే అనిపిస్తోంది" అన్నాడు. ఇద్దరం మొక్కలమ్మాయి చీటీల గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం.

వచ్చిన మొదటి నాలుగు నెలలూ ఆ పిల్లలు కొండెక్కిందే లేదు. అనుమతి కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. ఇవాళ సార్ లేరు, రేపు ఫైలు లేదు, ఎల్లుండి సంతకం పెట్టాల్సినాయన ట్రాన్స్‌ఫర్. అదే నాలుగు నెలల్లో దేవమాలి మీదికి కార్లలో వచ్చి రాత్రంతా డీజే పెట్టుకుని, బీరు సీసాలు పగలగొట్టి పోయినవాళ్లను ఏ కాగితమూ అడగలేదు. నాకు ఒళ్లు మండింది. పిల్లలు మాత్రం నవ్వేసి, మేడ మీద కూర్చుని మా ఇంటి గోడ బల్లుల్నే లెక్కపెట్టారు. పద్నాలుగున్నాయట. నాకు చెప్పకుండా ఉండాల్సింది.

కాగితం వచ్చాక పని మొదలైంది. రాత్రి పోవడం, తెల్లారి రావడం. పగలు ఆకుల పని. అడవిలో మీటరు పొడవు, మీటరు వెడల్పు తాడుతో గడి కట్టి, అందులో రాలిన ఆకులన్నీ మట్టి దాకా ఊడ్చి సంచిలో వేసుకొస్తారు. ఇంటికొచ్చాక జల్లెడ పట్టి, అందులో చీమలెన్ని, చెదపురుగులెన్ని, కీచురాళ్లెన్ని అని లెక్క. ఆ బల్లికి ఆకుల కిందే కాపురం, ఆకుల కిందే భోజనం. తిండి ఎంత ఉందో తెలిస్తే బల్లులు ఏ అడవిలో బతుకుతాయో తెలుస్తుందని. జల్లెడ పట్టేలోపు సంచులు చల్లగా ఉండాలన్నారు. సరే, ఫ్రిజ్‌లో కింద కూరగాయల అర ఇచ్చాను.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. శ్రావణ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ముందురోజు ఫ్రిజ్ కడుగుదామని తీస్తే అరలో పదకొండు సంచుల కుళ్లిన ఆకులు. అవి వాళ్లవని తెలుసు. నిజం చెప్పాలంటే పని అయిపోయి మరిచిపోయారనుకున్నాను. పదకొండూ తీసుకెళ్లి పెరట్లో అరటిచెట్టు మొదట్లో కుమ్మరించేశాను. ఎరువవుతుంది కదా అని మురిసిపోయాను కూడా.

సాయంత్రం పార్వతీపురం అబ్బాయి ఫ్రిజ్ తీసి అలాగే నిలబడిపోయాడు. "పిన్నీ, మా ఆకులు?"

మూడు వారాల పని. పెరట్లోకి పరుగెత్తారు, ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని ఆకులు కెలికారు. దొరికినవి చీటీలు మాత్రమే, పదకొండూ, పెన్సిల్‌తో రాసినవి, ఒక్క అక్షరం చెరగకుండా. తడికి పెన్ను కారిపోతుంది, పెన్సిల్ కారదట. ఏ ఆకు ఏ సంచిదో చెప్పేదెవరు? నాకు ఏడుపొచ్చింది. అరిచినా బాగుండేది. బెంగాలీ అబ్బాయి చేతులు దులుపుకుని, "పరవాలేదు ఆంటీ, ఇప్పుడు మీ అరటిచెట్టు కింద దేవమాలి చీమలున్నాయి" అన్నాడు.

వ్రతం అయిన మర్నాడు నేనూ వస్తానన్నాను. మోకాళ్లు నొప్పులని ఆయన గొణిగారు. పదకొండు గడుల ఆకులు నేను పారేశాను, నేనే ఏరిస్తానని సోంబారినీ వాళ్ల తమ్ముణ్నీ వెంటేసుకుని బొలేరోలో బయల్దేరాం.

దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తు. మాలి అంటే ఇక్కడి మాటలో పైన చదునుగా ఉండే కొండ. పిక్నిక్‌కు వెళ్లినప్పుడు ఆ పైన పచ్చిక చూసి అడవంతా నరికేశారనుకునేదాన్ని. చెట్టు కొట్టిందీ ఉంది గాని, అసలు ఆ పైపొరే అలాంటిదట. ఇక్కడి రాయి పేరు ఖోండలైట్. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి ఖోండు తెగవాళ్ల పేరు మీదే ఆ పేరు పెట్టాడు. కోణార్క్ గుడి కట్టింది ఎక్కువగా ఈ జాతి రాయితోనే. లక్షల ఏళ్ల వానలకు ఈ రాయి పైభాగం నాని, కరిగేది కరిగిపోయి మిగిలిందే బాక్సైట్. చట్టులా గట్టిగా ఉంటుంది, లోపలంతా చిల్లులు. వేళ్లు దిగవు, నీళ్లు దిగుతాయి. పైన పడ్డ వాన లోపలికి ఇంకి, నెమ్మదిగా కొండ అంచుల్లో ఊటలై బయటికొస్తుంది. ఆ ఊటలే గెడ్డలు. గెడ్డ పారే లోయ మడతల్లో మాత్రం పట్టపగలు కూడా చీకటిగా ఉండే అడవి. మా బల్లిది ఆ అడవి.

మా ఇంట్లో బాక్సైట్ మాటొస్తే ఆయన మౌనంగా ఉంటారు. అవతల దమన్‌జోడి, పంచపట్‌మాలి గని, దాని మీద బతికే మా చుట్టాలు. మా అన్నమూ ఫ్యాక్టరీదే. సోంబారి మౌనంగా ఉండదు. "పైన తవ్వితే మా మడికి నీళ్లెవరిస్తారు మా?" అంటుంది. ఇద్దరికీ నేనే టీ పెడతాను.

ఆకులు ఏరడం సాయంత్రానికే అయిపోయింది. వంగి వంగి నడుం పట్టేసింది. నేను బండిలో కూర్చుంటానంటే సోంబారి తమ్ముడు "ఇంతదూరం వచ్చి" అని నవ్వాడు. తలకు లైటు కట్టారు. అడవిలోకి పదడుగులు వేశామో లేదో నేలంతా మెరిసింది, పచ్చగా, వందల చుక్కలు. మంచు బిందువులనుకున్నాను. సాలీళ్ల కళ్లట. కాసేపు నోటమాట రాలేదు, భయమా ఆశ్చర్యమా నాకే తెలీలేదు.

రాయి ఎత్తడానికి ఒక పద్ధతుంది. అవతలి అంచు పట్టుకుని మనవైపుకు ఎత్తాలి. కింద పాముంటే రాయి మనకు అడ్డమవుతుంది, అది అటే పోతుంది. చూశాక రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే దించాలి, ఆకులు మళ్లీ కప్పాలి. ఒక్కో రాయికీ ఇదే. రెండు గంటలు ఒక కప్ప, రెండు తేళ్లు, లెక్కలేనన్ని కీచురాళ్లు. నేను మనసులో ఇంటికి పోయి చోడంబలి తాగుతున్నాను. అప్పుడు బెంగాలీ అబ్బాయి చెయ్యెత్తాడు, మాట లేదు.

ఒక చెట్టు వేరు పక్కన, ఎండాకు మీద, వేలెడంత. దాల్చినచెక్క రంగు ఒళ్లు, వీపు మీద జంటలు జంటలుగా ముదురు మచ్చలు, ఒక్కో మచ్చకూ నల్ల అంచు. దగ్గరికి వంగి చూశాను, నేనే. వీపు మీద పొలుసులు పెద్దవి, వరసలు వరసలుగా, పెంకుటింటి కప్పులాగా. మన గోడ బల్లికి ఉన్నట్టు వేళ్ల చివర వెడల్పాటి మెత్తలు లేవు, సన్నటి వేళ్లు, గోళ్లు. అందుకే గోడలెక్కదు, నేల మీదే తిరుగుతుంది. కనురెప్పలు లేని కన్ను. నాలుక బయటికి తీసి తన కన్ను తానే తుడుచుకుంది. పార్వతీపురం అబ్బాయి చేతులు వణుకుతున్నాయి. పట్టి, స్కేలుతో కొలిచి, బరువు చూసి, అన్ని పక్కలా ఫొటోలు తీసి, పది నిమిషాల్లో అదే వేరు పక్కన వదిలేశారు. నేను పట్టుకున్నది టార్చి మాత్రమే. ఇంత జరిగినా అది ఒక్కసారీ పలకలేదు.

సోంబారి తమ్ముణ్ని గెడ్డ పేరు అడిగారు. అతను చెప్పాడు. అబ్బాయి ఇంగ్లీషులో రాశాడు, తప్పు రాశాడు. నేను ఊరుకుంటానా? ఇంకో రెండుసార్లు చెప్పించి, పక్కనే తెలుగులోనూ ఒడియాలోనూ రాయించాను, సోంబారి విని సరేనన్నాక గాని పుస్తకం మూయనివ్వలేదు.

బండెక్కాక అబ్బాయి అన్నాడు, "పిన్నీ, మీరు బ్లాగు రాస్తారు కదా. రాయండి. ఆ గెడ్డ పేరు మాత్రం వద్దు. ఇలాంటి బల్లుల్ని కొని పెంచుకునేవాళ్లుంటారు, ఊరి పేరు చూసి మనుషుల్ని పంపిస్తారు." అందుకని పైన ఎక్కడా రాయలేదు, గమనించే ఉంటారు. దొరను అన్ని మాటలన్నదాన్ని. ఆయన కనీసం తప్పుగానైనా రాశాడు.

బల్లి బాబులు కిందటి నెల ఖాళీ చేశారు. మొన్న ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది, మీ నంబరు ఫలానావాళ్లిచ్చారంటూ. చీమల మీద చేస్తుందట. గది ఎంత, నీళ్లెలా అని అడగలేదు. "ఆంటీ, ఫ్రిజ్ వాడుకోవచ్చా?"

"పై అర తీసుకోమ్మా. కింది అర కూరగాయలకి. సంచి బయట కూడా చీటీ అతికించు, పెద్ద అక్షరాలతో, పారెయ్యకూడదు అని."